దక్షిణాఫ్రికా జట్టులో కోటా: 2015 సెమీస్‌లో అబాట్‌కి జరిగింది అన్యాయమేనా?

మొండిబ్యాట్:
రాత్రి నిద్ర పట్టక 2015 వరల్డ్ కప్ సెమీస్ మళ్లీ చూశాను. ఆక్లండ్, ఈడెన్ పార్క్, మార్చి 24. న్యూజిలాండ్ బ్యాట్స్‌మన్ గ్రాంట్ ఎలియట్ ఆ గెలుపు సిక్స్ కొట్టాక దక్షిణాఫ్రికా బౌలర్ స్టెయిన్ పిచ్ మీద వెల్లకిలా పడిపోతాడు, ఎలియట్ వెళ్లి చెయ్యి అందిస్తాడు. ఇన్నేళ్లయినా అక్కడికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. నేను మన టీమ్ ఫ్యాన్‌నే, కానీ ఆ దక్షిణాఫ్రికా జట్టంటే పిచ్చి.

నా కోపం ఎలియట్ మీద కాదు, సెలెక్షన్ మీద. క్వార్టర్ ఫైనల్లో శ్రీలంకని 133కి కూల్చినప్పుడు చక్కగా బౌలింగ్ చేసిన కైల్ అబాట్‌ని కూర్చోబెట్టి, హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) సరిగ్గా లేని, తెల్లవాడు కాని ఫిలాండర్‌ని దించారు. తెల్లవాళ్లు కానివాళ్లు నలుగురు ఉండాలని పైనుంచి మాట వచ్చిందని అప్పట్లో గుప్పుమంది. బోర్డు ఒప్పుకోలేదు, ఆట చూసే తీసుకున్నామంది. కెప్టెన్ డివిలియర్స్ మాత్రం తర్వాత తన ఆత్మకథలో ఆ బాధంతా వెళ్లగక్కాడు.

నేననేది ఒకటే. దేశానికి ఆడే పదకొండు మందిని ఎంచుకునేటప్పుడు పరుగులు, వికెట్లు తప్ప ఇంకేదీ చూడకూడదు. అవునా కాదా?

కవర్‌డ్రైవ్:
నూటికి నూరుపాళ్లు అవును. అబాట్ 2017 జనవరిలో కోల్‌పాక్ మీద ఇంగ్లండ్ కౌంటీ హాంప్‌షైర్‌కి వెళ్లిపోయాడు. ఆ జట్టులోని బ్యాట్స్‌మన్ రూసో కూడా అదే నెలలో, అదే కౌంటీకి. వాళ్లని తప్పుపట్టే నోరు నాకు లేదు.

కొత్తవాడు99:
కోల్‌పాక్ అంటే ఏంటన్నా? ఏదైనా టోర్నీనా?

పాతస్కోరు:
టోర్నీ కాదు బాబూ, మనిషి పేరు. మారోస్ కోల్‌పాక్ అని స్లోవేకియా హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. జర్మనీలో తనని విదేశీ ఆటగాడిగా లెక్కేస్తున్నారని కోర్టుకెక్కాడు, 2003లో యూరోపియన్ కోర్టులో గెలిచాడు. యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందమున్న దేశాల వాళ్లందరికీ ఆ తీర్పు పనికొచ్చింది. అలా దక్షిణాఫ్రికా వాళ్లు ఇంగ్లండ్ కౌంటీల్లో విదేశీ కోటాతో పని లేకుండా ఆడగలిగారు. ఒకే షరతు, ఆ ఒప్పందం నడిచినంత కాలం సొంత దేశానికి ఆడకూడదు. బ్రెగ్జిట్ పుణ్యమా అని 2020 చివరితో ఆ తలుపు మూసుకుపోయింది. ఎక్కడో హ్యాండ్‌బాల్ కోర్టులో మొదలైన గొడవ ఎక్కడికొచ్చి తగిలిందో చూడు.

ఇక మొండిబ్యాట్ ప్రశ్న. "పరుగులు, వికెట్లు తప్ప ఇంకేదీ చూడకూడదు." ఈ మాట నేను మొదట విన్నది బాసిల్ డొలివీరా విషయంలో. కేప్‌టౌన్ వాడు, 'కలర్డ్' కుటుంబం. ఆ పదం అక్కడ తిట్టు కాదు, మిశ్రమ మూలాలున్నవాళ్లని జనాభా లెక్కల్లో అలాగే రాస్తారు. తెల్లవాళ్ల క్రికెట్లోకి రానివ్వరు కాబట్టి అతను కొట్టిన సెంచరీలు ఎవరి రికార్డు పుస్తకంలోనూ లేవు. 1960లో ఇంగ్లండ్ వెళ్లి మిడిల్‌టన్ అనే క్లబ్‌లో చేరాడు. నిజం వయసు చెబితే ఎవరూ తీసుకోరని కొన్నేళ్లు తగ్గించి చెప్పుకున్నాడు. 1966లో ఇంగ్లండ్ టెస్ట్ జట్టులోకి వచ్చాడు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. అది కూడా రోజర్ ప్రిడో తప్పుకుంటే దొరికిన అవకాశం.

కొద్ది రోజులకే దక్షిణాఫ్రికా టూర్ జట్టు ప్రకటించారు. అందులో డొలివీరా లేడు! ఇంగ్లండ్‌లో తను ఆడే కౌంటీ వోస్టర్‌షైర్ డ్రెస్సింగ్ రూమ్‌లో రేడియో పెట్టుకుని తన పేరు కోసం విన్నాడు, రాలేదు, ఏడ్చేశాడు. సెలెక్టర్లు చెప్పిన కారణం ఏంటో తెలుసా? ఆట చూసే తీసుకోలేదట. తర్వాత టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకుంటే అతని బదులు డొలివీరాని వేశారు. వెంటనే దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ఇది క్రికెట్ జట్టు కాదు, మా వ్యతిరేకుల జట్టు అన్నాడు. టూర్ రద్దయింది. 1970 తర్వాత 1991 దాకా ఆ దేశానికి అంతర్జాతీయ క్రికెట్టే లేదు. బ్యారీ రిచర్డ్స్ లాంటి బ్యాట్స్‌మన్ నాలుగంటే నాలుగు టెస్టులతో ఆగిపోయాడు.

మెరిట్ అన్న మాట చాటున ఎవరు ఎప్పుడు దాక్కున్నారో ఒకసారి చూసుకుంటే, నువ్వనేది అంత సింపుల్ కాదు.

మొండిబ్యాట్:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ అది 1968. అబాట్ పుట్టింది 1987లో. వర్ణవివక్ష ప్రభుత్వం పోయేసరికి వాడికి ఏడేళ్లు కూడా నిండలేదు. తాతలు చేసినదానికి వాడు డ్రింక్స్ మొయ్యాలా?

జోబర్గ్_జనార్దన్:
ఇక్కడ జోహన్నెస్‌బర్గ్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను కాబట్టి కళ్లారా చూసింది ఒకటి చెప్తాను.

మావాడి స్కూల్లో అండర్ 13 మ్యాచ్. స్కూలంటే మామూలుది కాదు, టర్ఫ్ వికెట్లున్న గ్రౌండ్లు, బౌలింగ్ మెషిన్, ఇద్దరు కోచ్‌లు. అవతలి జట్టు టౌన్‌షిప్ (నల్లజాతి పేదలుండే వాడ) నుంచి మినీబస్ ట్యాక్సీలో వచ్చింది. రెండే హెల్మెట్లు. ఔటైనవాడు బౌండరీ దగ్గర నిలబడి ప్యాడ్లు విప్పి తర్వాతివాడికి కడుతున్నాడు. వాళ్లలో ఒక సన్నటి కుర్రాడు, ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. మొదటి ఓవర్లో నాలుగు వైడ్లు. వాళ్ల కోచ్ నా పక్కనే ఉన్నాడు. 'వీడు సిమెంట్ పిచ్ మీద మ్యాటింగ్ వేసి ఆడినవాడు, గడ్డి వికెట్ మీద బంతి వెయ్యడం ఇదే మొదటిసారి' అన్నాడు. మూడో ఓవర్‌కి కుర్రాడికి లెంగ్త్ దొరికింది, మావాడి మిడిల్ స్టంప్ ఎగిరిపోయింది. 

ఆ రోజు స్కోర్‌కార్డులో వాడి పేరు ఎదురుగా ఉన్నవి ఒక వికెట్, బోలెడు వైడ్లు. సెలెక్టర్ వచ్చి కాగితం చూస్తే మావాడి జట్టులో బౌలర్‌నే తీసుకుంటాడు. దాన్ని మెరిట్ అనొచ్చు, తప్పు లేదు. కానీ ఆ కాగితం ఏం చెప్పట్లేదో కూడా తెలియాలి కదా.

ఇంకోటి. జాతీయ జట్టులోని నల్లజాతి ఆటగాళ్లనే చూడండి. రబాడ చదివింది సెయింట్ స్టిథియన్స్, ఎంగిడి హిల్టన్ కాలేజ్, బవుమా సెయింట్ డేవిడ్స్. అన్నీ పేరున్న ప్రైవేటు స్కూళ్లు. ఎంగిడి వాళ్లమ్మ ఇళ్లలో పని చేసేది, స్కాలర్‌షిప్ రాకపోతే అతను ఎక్కడుండేవాడో. అంటే జాతీయ జట్టులో కోటా పెట్టినా అందులోకి వచ్చేది ఆ ఖరీదైన స్కూళ్లు ముందే సానపట్టిన పిల్లలే. టౌన్‌షిప్ గ్రౌండ్‌లో మాత్రం అదే సిమెంట్ పిచ్. నాకు కోటా మీద ఉన్న అభ్యంతరం అది. పై అంతస్తుకి రంగులేసి, పునాది వదిలేశారు.

స్వాతి_లెగ్‌స్పిన్:
జనార్దన్ గారూ, ఆ కుర్రాడు ఇంకా ఆడుతున్నాడా?

అబాట్ పేరు వచ్చినప్పుడల్లా నాకు ఎంటీని గుర్తొస్తాడు. మఖాయా ఎంటీని ఈస్టర్న్ కేప్‌లో మ్డింగి అనే పల్లెలో పశువులు కాసుకున్న పిల్లాడు. 1998లో దక్షిణాఫ్రికాకి టెస్ట్ ఆడిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్. 101 టెస్టులు, 390 వికెట్లు. లార్డ్స్‌లో ఒక టెస్టులో పది వికెట్లు తీసిన మొదటి దక్షిణాఫ్రికా బౌలర్.

అంతటివాడు 2020లో టీవీలో కూర్చుని చెప్పాడు. హోటల్లో టిఫిన్‌కి వెళ్లి కూర్చుంటే పక్కన ఎవరూ వచ్చి కూర్చునేవాళ్లు కాదట. భోజనానికి రమ్మని తలుపు తట్టేవాళ్లు లేరట. టీమ్ బస్సులో ఆ ఒంటరితనం భరించలేక బ్యాగు డ్రైవర్ చేతిలో పెట్టి, హోటల్ నుంచి గ్రౌండ్‌కి పరుగెత్తుకుంటూ వెళ్లేవాడట. సాయంత్రం మళ్లీ అలాగే. మనమేమో 'అబ్బ, ఏం ఫిట్‌నెస్ రా, గ్రౌండ్‌కి కూడా పరుగెత్తుతాడు' అనుకున్నాం. నేనే అన్నాను, మా అన్నయ్యతో.

కవర్‌డ్రైవ్:
ఎంటీని విషయంలో ఎవరూ కాదనరు స్వాతి గారూ, అతను మెరిట్ మీద వచ్చినవాడే. కానీ 2002 జనవరి, సిడ్నీ టెస్ట్? సెలెక్టర్లు జాక్ రుడాల్ఫ్‌ని తీసుకుంటే బోర్డు అధ్యక్షుడు పెర్సీ సన్ అడ్డుపడి 'కలర్డ్' కుర్రాడు జస్టిన్ ఓంటాంగ్‌ని ఆడించాడు. రుడాల్ఫ్‌కి అంతకుముందే ఒక దెబ్బ. 2001లో సెంచూరియన్‌లో మన మీద ఆడిన మ్యాచ్‌ని, మ్యాచ్ రిఫరీ మైక్ డెన్నెస్ గొడవ వల్ల ఐసీసీ టెస్టుగానే లెక్కెయ్యలేదు. చివరికి 2003లో బంగ్లాదేశ్ మీద ఆడాడు, మొదటి ఇన్నింగ్స్‌లోనే 222 నాటౌట్. దీనికేం చెప్తారు?

పాతస్కోరు:
అది తప్పే. ఎంచుకోవడం సెలెక్టర్ల పని. అధ్యక్షుడు ఆ గదిలో వేలు పెట్టాడంటే ఇక ఎవరి లెక్కా నిలబడదు. పైగా ఆ గొడవలో ఎక్కువ నలిగింది ఓంటాంగ్. రుడాల్ఫ్‌ని తలుచుకుని ఇప్పటికీ జాలిపడేవాళ్లున్నారు. తన మొదటి టెస్ట్ రోజున దేశమంతా 'వీడు కోటా' అని చూస్తుంటే క్రీజులోకి నడిచిన కుర్రాడి గురించి ఎవరు మాట్లాడుతున్నారు?

స్వాతి_లెగ్‌స్పిన్:
కవర్‌డ్రైవ్ గారూ, 2015 మార్చిలో అబాట్‌కి జరిగింది మీ అందరికీ గుర్తుంది. అదే ఏడాది అక్టోబర్‌లో మన దేశంలోనే, వాంఖడేలో జరిగింది ఎంతమందికి గుర్తుంది? దక్షిణాఫ్రికా 438 కొట్టిన వన్డే. డుమిని గాయపడ్డాడు. జట్టులో ఖాయా జోండో అనే నల్లజాతి బ్యాట్స్‌మన్ అప్పటికే ఉన్నాడు, టూర్ మొత్తం ఒక్క మ్యాచ్ ఇవ్వలేదు. టెస్టుల కోసం వచ్చిన డీన్ ఎల్గర్‌ని తీసుకొచ్చి ఆడించారు. ఆ తర్వాత నల్లజాతి ఆటగాళ్లు కొందరు కలిసి బోర్డుకి ఉత్తరం రాశారు. 2021లో లాయర్ డుమిసా ఎంత్సెబెజా ముందు జరిగిన విచారణలో జోండో ఇదంతా మళ్లీ చెప్పుకున్నాడు.

అబాట్ మీద వ్యాసాలు రాశారు, ఇదిగో మనం ఇప్పుడు చర్చే పెట్టుకున్నాం. జోండో మీద ఏదీ?

మొండిబ్యాట్:
438 స్కోరు గుర్తుంది. నిజం చెప్పాలంటే జోండో పేరు ఇప్పుడే వింటున్నాను.

సీకే_అభిమాని:
మన దగ్గర మాత్రం తక్కువా? 1936లో ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్ ఎవరు? మన విజయనగరం రాజకుటుంబం మనిషి, విజ్జీ. అదే జట్టులో సీకే నాయుడు ఉండగా! మూడు టెస్టులూ కలిపి విజ్జీ కొట్టింది 33 పరుగులు. గొడవపడ్డాడని లాలా అమర్‌నాథ్‌ని టూర్ మధ్యలో ఓడెక్కించి పంపేశారు. దళితుడైన పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ టూర్‌లో వందకు పైగా వికెట్లు తీసి కూడా, అప్పట్లో మతాలవారీగా జరిగే బొంబాయి టోర్నీలో హిందూ జట్టుకి కెప్టెన్ కాలేకపోయాడు. డబ్బు, కులం, రాచరికం పేరుతో నడిచినన్నాళ్లూ దాన్ని కోటా అని ఎవరూ అనలేదు.

మోడరేటర్:
సీకే_అభిమాని గారూ, విజ్జీ మీద వేరే చర్చ ఉంది, 40 పేజీలు నడిచింది, దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ దక్షిణాఫ్రికా.

రగ్బీరవి:
క్రికెట్ వాళ్లంతా ఒకసారి రగ్బీ వైపు రండి. 1995లో మండేలా జెర్సీ వేసుకుని కప్పు అందించిన జట్టులో తెల్లవాడు కానివాడు ఒక్కడు, చెస్టర్ విలియమ్స్. 2007 ఫైనల్లో ఇద్దరు, హబానా, పీటర్సన్. 2019 ఫైనల్లో మొదటి పదిహేను మందిలో ఆరుగురు, కెప్టెన్ సియా కొలీసి. ఇంగ్లండ్ మీద 32-12. ఆ రోజు దక్షిణాఫ్రికా చేసిన రెండు ట్రైలూ (బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకించడం) మపింపి, కోల్బేలవే. 2023లో న్యూజిలాండ్ మీద ఒక్క పాయింట్ తేడాతో మళ్లీ కప్పు.

అక్కడ కూడా టార్గెట్లున్నాయి, అక్కడ కూడా 'కోటా కెప్టెన్' అన్నారు. కొలీసి జ్వీడే టౌన్‌షిప్‌లో పుట్టి స్కాలర్‌షిప్ మీద గ్రే హైస్కూల్‌కి వెళ్లాడు. మపింపి అయితే పెద్ద స్కూలు మొహమే చూడలేదు, పల్లె నుంచి నేరుగా క్లబ్ రగ్బీ ఆడుకుంటూ పైకొచ్చాడు. జనార్దన్ అన్న చెప్పిన సిమెంట్ పిచ్ కుర్రాడు రగ్బీ ఆడుంటే దొరికేవాడేమో అనిపిస్తుంది నాకు. వెతికే కళ్లు ఉండాలి.

మొండిబ్యాట్:
సరే, మరి జింబాబ్వే? 2004లో హీత్ స్ట్రీక్‌ని కెప్టెన్సీ నుంచి తీసేశాక గొడవ ముదిరి, తెల్ల ఆటగాళ్లు 15 మంది బయటికి పోయారు. పిల్లల్లాంటి జట్టుని టెస్టుల్లోకి తోశారు. తర్వాత 2011 దాకా టెస్టులకే దూరమయ్యారు. సెలెక్షన్‌లోకి రాజకీయం వస్తే ఆఖరికి అయ్యేది అదే.

పాతస్కోరు:
జింబాబ్వే ఉదాహరణ సగమే చెప్పావు. 2003లో దేశంలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని చేతికి నల్ల రిబ్బన్లు కట్టుకుని ఆడినవాళ్లు ఇద్దరు. ఆండీ ఫ్లవర్ తెల్లవాడు, హెన్రీ ఒలోంగా ఆ దేశానికి ఆడిన మొదటి నల్లవాడు. ఇద్దరూ దేశం వదలాల్సి వచ్చింది. అక్కడ బోర్డు చూసింది ఒంటి రంగు ఒక్కటే కాదు, నోరు ఎవరిదన్నది కూడా. దాన్ని, కొలీసి కథని ఒకే గాటన కట్టలేం.

జోబర్గ్_జనార్దన్:
ఒక చిన్న సవరణ కూడా. ఇక్కడ 2016 నుంచి ఉన్న టార్గెట్ ఒక్కో మ్యాచ్‌కి కాదు, సీజన్ మొత్తం మీద సగటు. తెల్లవాళ్లు కానివాళ్లు ఆరుగురు, అందులో నల్లజాతి ఆఫ్రికన్లు ఇద్దరు. సగటు కాబట్టి కెప్టెన్‌కి కాస్త ఊపిరాడుతుంది. అయినా 2024 టీ20 వరల్డ్ కప్‌కి వెళ్లిన 15 మందిలో నల్లజాతి ఆఫ్రికన్ రబాడ ఒక్కడే. జనాభాలో 80 శాతం వాళ్లే ఉన్న దేశంలో! పేపర్లలో పెద్ద రభస అయింది. ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లి మన చేతిలో ఏడు పరుగులతో ఓడింది. గెలిచి ఉంటే ఒక వర్గం, ఓడింది కాబట్టి ఇంకో వర్గం, ఎవరి వాదన వాళ్లకి రెడీ.

మరుసటి ఏడాది జూన్, లార్డ్స్, టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. లక్ష్యం 282. కెప్టెన్ బవుమాకి హామ్‌స్ట్రింగ్ పట్టేసింది, సింగిల్ తియ్యాలన్నా కుంటడమే. మార్‌క్రమ్‌తో కలిసి 147 పరుగులు జోడించి 66 కొట్టాడు, కప్పు గెలిచారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో టీవీ ముందు నా పక్కన నిలబడ్డ తెల్లాయన, ఏళ్ల తరబడి బవుమాని 'టెంబా కోటా' అన్నవాడు, ప్రతి సింగిల్‌కీ 'పరుగెత్తు, పరుగెత్తు' అని టేబుల్ గుద్దుతున్నాడు. నేనేం అడగలేదు. ఆయన కూడా ఏం అనలేదు.

కవర్‌డ్రైవ్:
బవుమా మొదటి టెస్ట్ సెంచరీకి, రెండోదానికి మధ్య ఏడేళ్లు. 2016 జనవరి, 2023 మార్చి. తెల్లవాడైతే అన్నేళ్లు ఆగేవాళ్లా? గెలిచాడు కాబట్టి ఇది అడగకూడదంటే ఎలా?

స్వాతి_లెగ్‌స్పిన్:
అడగండి. భారతీయ మూలాలున్న హషీమ్ ఆమ్లా గురించి కూడా అప్పట్లో ఇలాగే అడిగారు. 2004లో కోల్‌కతాలో మొదటి టెస్ట్, తర్వాత ఇంగ్లండ్ మీద తడబడితే తీసేశారు, కోటా సరుకు అన్నారు. 2012లో ఓవల్‌లో 311 నాటౌట్ కొట్టేదాకా ఆగాల్సి వచ్చింది, అడిగినవాళ్ల నోళ్లు పూర్తిగా మూతపడడానికి.

కొత్తవాడు99:
అన్నలూ, అక్కలూ, ఇంతసేపు చదివి ఆ సెమీస్ స్కోర్‌కార్డు తీశాను. ఫిలాండర్ 8 ఓవర్లు, 52 పరుగులు, వికెట్ లేదు. స్టెయిన్ 8.5 ఓవర్లు, 76, ఒక వికెట్. మోర్కెల్ 9 ఓవర్లు 59, మూడు వికెట్లు. డుమిని 5 ఓవర్లలో 43. న్యూజిలాండ్‌కి కావాల్సింది 43 ఓవర్లలో 298, అంటే ఓవర్‌కి దగ్గర దగ్గర ఏడు. ఫిలాండర్ ఇచ్చింది ఓవర్‌కి ఆరున్నర. మరి ఓడించింది ఫిలాండర్ ఎలా అయ్యాడు?

ఇంకో డౌట్. ఆ 15 మందిలో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి ఆఫ్రికన్ ఆరన్ ఫాంగిసో టోర్నీ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోటా అంత గట్టిగా నడిస్తే అతనెందుకు ఆడలేదు?

పాతస్కోరు:
శభాష్.

కవర్‌డ్రైవ్:
ఫిలాండర్‌కి వికెట్ పడలేదుగా. మొదటి 5 ఓవర్లలోనే 71 ఇచ్చుకున్నారు, అక్కడే మ్యాచ్ జారింది. అబాట్ అయితే న్యూజిలాండ్ ఓపెనర్ మెకల్లమ్‌ని ముందే లేపేవాడు.

కొత్తవాడు99:
ఆ 71లో 25 ఒక్క స్టెయిన్ ఓవర్లోనే అన్నా.

మొండిబ్యాట్:
ఇప్పుడే మళ్లీ పెట్టుకుని చూశాను. ఔను, స్టెయిన్ ఓవరే. డివిలియర్స్ వదిలేసిన రనౌట్ కూడా చూశాను, ఎలియట్ క్యాచ్ కోసం బెహార్డీన్, డుమిని గుద్దుకోవడం కూడా చూశాను. ఇన్నేళ్లలో వీటిలో ఒక్కదాని మీద కూడా నేను పోస్ట్ పెట్టలేదు.

అయినా అబాట్ ఆడాల్సిందే అంటాను, ఆ మాట మార్చను. రూసో ప్లేస్‌లో బెహార్డీన్‌ని వేసుంటే నలుగురి లెక్కా సరిపోయేది, అబాట్ కూడా ఆడేవాడు. ఆ ముక్క ఆ రోజు ఆ గదిలో ఎవరికీ తట్టలేదా అన్నదే నాకిప్పటికీ అర్థం కాదు.

జోబర్గ్_జనార్దన్:
స్వాతి గారూ, మీరడిగింది ఇప్పుడే చూశాను. ఆ కుర్రాడు మళ్లీ కనపడలేదు. తర్వాతి సీజన్ వాళ్ల జట్టు వచ్చింది, వాడు లేడు. కోచ్‌ని అడిగితే ఇల్లు మారారన్నాడు.